తువ్వాల కింద కుదిరిన కాలేజీ

ఆ రోజుల్లో మా వైపు పిల్లలు రెండే రకాలు. చదువు వచ్చేవాళ్లు, చదువు రానివాళ్లు. మూడో రకం ఒకటి ఉంటుందని పెద్దవాళ్లకు తోచలేదు, ఆ మూడో రకంలో నిక్షేపంగా ఉన్న నాకూ తోచలేదు. ఈమధ్య మా మనవరాలి బడికి వెళ్తే, ఒక టీచరమ్మ నన్ను కూర్చోబెట్టి, అక్షరాలు కళ్లముందు నిలవకుండా జారిపోయే పిల్లలు కొందరుంటారనీ, వాళ్లకు తెలివి తక్కువేమీ కాదనీ, వాళ్లు నేర్చుకునే దారి వేరనీ ఓపికగా వివరించింది. దానికి ఒక పొడుగాటి ఇంగ్లీషు పేరు కూడా చెప్పింది (ఆ ఇబ్బంది ఉన్నవాళ్లు చచ్చినా చదవలేని పేరే దానికి పెట్టడం ఏ మహానుభావుడి చమత్కారమో!). ఆమె మనవరాలి గురించి చెబుతోంది, నేను నా గురించి వింటున్నాను. ఇంటికి వస్తూ దారి పొడుగునా నాలో నేనే నవ్వుకున్నాను. నా చిన్నప్పుడు దానికి మా ఊళ్లో ఉన్న పేరు చాలా పొట్టిది. "మొద్దు" అనేవాళ్లు. పలకడం సులువు, మరిచిపోవడం కష్టం.

మాది గుమ్మఘట్ట దగ్గర ఒక చిన్న ఊరు. సగం మంది తెలుగులో తిట్టుకుంటారు, సగం మంది కన్నడంలో తిట్టుకుంటారు, కాబట్టి నన్ను మొద్దు అనేవాళ్లు రెండు భాషల్లోనూ ఉండేవాళ్లు. పుస్తకం తెరిస్తే నాకు అక్షరాలన్నీ కాపరి లేని మేకల్లా కనిపించేవి. ఒకదాన్ని పట్టుకుని పక్కదాని దగ్గరికి వెళ్లేలోపు మొదటిది ఎటో పోయేది. పక్కవాడు అయిదు నిమిషాల్లో చదివిన పాఠానికి నాకు ఒక పూట పట్టేది, పూట గడిచాక ఏం చదివావంటే దిక్కులు చూసేవాణ్ణి. కానీ అదే పాఠం ఎవరైనా నోటితో ఒక్కసారి చెబితే చాలు, మళ్లీ చెప్పే పనిలేదు. ఆ చెప్పే మనిషి మా అక్క. నాకంటే మూడేళ్లు పెద్దది. ఎనిమిదో తరగతితో బడి మాన్పించారు. అయినా నా పదో తరగతీ, పదకొండో తరగతీ పుస్తకాలు మొత్తం ఆమే చదివింది. వేరుశనక్కాయలు ఒలుస్తూ, ఒళ్లో పుస్తకం పెట్టుకుని, పేజీ తిప్పాల్సి వచ్చినప్పుడల్లా చేతులు చీరకు తుడుచుకుంటూ పెద్దగా చదివేది. నేను ఎదురుగా కూర్చుని కాయలు ఒలిచేవాణ్ణి (సగం తినేవాణ్ణి). నిజానికి ఆ ఇంట్లో ఎస్.ఎస్.ఎల్.సి. దాకా చదివింది ఆమె, పరీక్ష రాసింది నేను. ఆమెకు ఒక కాలేజీ వెతకాలని మాత్రం మాలో ఎవరికీ తట్టలేదు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అక్షరాలు రాకపోయినా నాకు ఒక పిచ్చి ఉండేది. బావులు కొలవడం. పొడుగాటి తాడుకు మూరకొక ముడి వేసి, కొనకు రాయి కట్టి, ప్రతి శుక్రవారం పొద్దున్నే మా బావిలోకి వదిలేవాణ్ణి. ఎన్ని ముడులు పొడిగా దిగాయో చూసి, కొట్టంలో ఎద్దుల గాటి పక్కన గోడమీద బొగ్గుతో అన్ని గీతలు గీసేవాణ్ణి. గీతల ఆటలు నా దగ్గర సాగవు, పెట్టినచోట ఉంటాయి. అలా రెండేళ్లు గీశాక, ఒక దీపావళినాడు ఆ గోడను చూసి, "నాయనా, శివరాత్రికి మన బావి ఇంకిపోతుంది" అన్నాను. శివరాత్రికి రెండు రోజుల ముందే ఇంకిపోయింది. మరుసటి ఏడు పక్క చేను పెద్దాయన బావి గురించి చెప్పాను, అదీ చెప్పిన నెలలోనే ఇంకింది. ఇక ఊళ్లో నా పేరు మారుమోగింది. మంచిగా అనుకునేరు, నా నాలుకమీద మచ్చ ఉందని నమ్మారు. నేను భుజాన తాడేసుకుని వస్తుంటే చాలు, "వచ్చినాడప్పా మచ్చనాలుకోడు, మా బావి తట్టు రావొద్దు పో!" అని కేకలేసేవాళ్లు. ఒకావిడ బావిమీద తడక కప్పించింది.

నమ్మింది మా నాయన ఒక్కడే. ఆయనకు సంతకం రాదు, వేలిముద్ర మనిషి. అయితే నేను శివరాత్రి మాట అన్న ఏడు ఆయన ఉల్లి నారు పోయకుండా ఆగాడు. పోసినవాళ్లందరి మళ్లూ ఎండిపోయాయి. అప్పటినుంచీ నా గీతల గోడ దగ్గర ఎద్దులను కట్టడం మానేశాడు, అవి ఒళ్లు రుద్దుకుని చెరిపేస్తాయని.

అలాంటి నేను ఎస్.ఎస్.ఎల్.సి. గట్టెక్కాను. థర్డు క్లాసులో, అదీ అంచుమీద. సైన్సు పేపరులో మాటలు తక్కువ రాసి బొమ్మలు ఎక్కువ వేశాను, దిద్దిన పుణ్యాత్ముడు ఎవరో బొమ్మలు ఇష్టపడే మనిషి అయివుంటాడు. ఫలితాలు వచ్చిన వారంలో తాడిపత్రినుంచి మా చిన్నాయన దిగాడు. ఆయన అక్కడ బండలు కోసి నునుపు చేసేచోట మేస్త్రీ. "బండలకాడ సదువుతో పని లేదన్నా. చేతులుంటే చాలు. నేను తోలుకొని పోతా. ఈ మొద్దుకు కాలేజీ యాడ దొరుకుతాది?" అన్నాడు. నాయన లేచి వెళ్లి కొట్టంలో నా గీతల గోడ చూసి వచ్చాడు. తర్వాత, "బావి మాట విన్నోడు మొద్దు ఎట్లయితాడు రా? వాని సదువు యాడనో ఒకతావు ఉంటాది. ఎతుకుతా. దొరకలేదంటే నువ్వు తోలుకొని పో" అన్నాడు. చిన్నాయన నవ్వి, నెల తిరిగేలోపు వస్తానని చెప్పి వెళ్లాడు. ఆ నెల నాకు ఎలా గడిచిందో చెప్పలేను. బండలమీద నాకు కోపం లేదు. కానీ బావులు ఎందుకు ఇంకుతాయో నాకు తెలియాలి, అది చెప్పే చోటు కాలేజీయేనని ఎందుకో గట్టిగా నమ్మాను.

మా నాయనకు ఈ లోకంలో బాగా తెలిసిన విద్య ఒకటే, ఎద్దుల సంత. కాబట్టి కాలేజీ వెతకడానికీ ఆయన సంతకు పోయినట్టే బయలుదేరాడు. తలకు కొత్త రుమాలు, భుజాన ఎర్రంచు తువ్వాల, చేతిలో ముల్లుగర్ర. నా పరుపు చుట్ట కట్టడానికి ఇంట్లో వేరే తాడు దొరక్కపోతే, నా బావితాడే వేసి బిగించింది అక్క. రాయదుర్గందాకా రాత్రే నడక, అక్కణ్ణుంచి అనంతపురానికి తొలి బస్సు. దారిలో నాయన, "నాలుగు కాలేజీలు సూద్దాం. నడక సూడకుండా ఎద్దును కొంటామా?" అన్నాడు. "కాలేజీని మనం తీసుకోం నాయనా, కాలేజీయే మనల్ని సూసి తీసుకుంటాది" అన్నాను. ఆయన తువ్వాల సర్దుకుని, "అంటే నేను కొనేకి పోతాండాననుకుంటే, అమ్మేకి పోతాండానా? సరేలే, ఎట్లయినా సంతే కదా!" అన్నాడు. బస్సులో పక్కాయన ఎద్దులు ఏ తట్టు ఉన్నాయని అడిగితే నావైపు చూపించాడు.

మొదటి కాలేజీ పెద్దది. రాతి స్తంభాలు, తోరణంలాంటి వాకిలి. నాయన తిన్నగా లోపలికి పోకుండా గేటు బయట గొంతుక్కూర్చుని అరగంట చూశాడు. గంట కొట్టారు. పిల్లలు బయటికి వచ్చారు. "పిల్లోళ్లంతా తలకాయ దించుకొని వస్తాండారు. తొట్టికాడ నీళ్లు తాగినాక ఎద్దు తల ఎత్తల్ల" అన్నాడు. అయినా ఇంతదూరం వచ్చాం కదా అని లోపలికి వెళ్లాం. అక్కడ ప్రిన్సిపాలుగారు ఉన్నారు. ఆయన్ను నేను కోటు సారు అంటాను, అనంతపురం ఎండలో మెడదాకా గుండీలు పెట్టుకున్న నల్లకోటు తప్ప ఆయన ముఖం నాకు గుర్తులేదు కాబట్టి. నా మార్కులు చూసి, ఒక ఇంగ్లీషు పత్రిక నా ముందుకు తోసి, "చదువు" అన్నారు. గదిలో ఇద్దరు గుమస్తాలు, వరసలో నిలబడ్డ పది పన్నెండు మంది పిల్లలు, వాళ్ల నాయనలు. నేను మొదటి మాట దగ్గర మొదలుపెట్టి, మొదటి మాట దగ్గరే ఉండిపోయాను. చెమట కారి పత్రికమీద పడింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

అప్పుడు మా నాయన లేచాడు. భుజాన ఉన్న తువ్వాల తీసి, కుడిచేతిమీద కప్పుకుని, ఆ చేతిని బల్లమీదుగా కోటు సారు ముందుకు చాపి, "చెయ్యి పెట్టండి సార్" అన్నాడు.

సంత తెలియనివాళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా వైపు ఎద్దుల బేరం నోటితో జరగదు. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలిపి, పైన తువ్వాల కప్పుకుంటారు. లోపల వేళ్లు పట్టుకుని నొక్కితే అదే లెక్క. చుట్టూ వందమంది ఉన్నా బేరం ఆ ఇద్దరికే తెలుస్తుంది. కోటు సారుకు ఇదంతా ఎక్కడ తెలుస్తుంది? ఆయన కుర్చీ వెనక్కి పడేలా లేచి, "లంచమా! నా గదిలో, ఇంతమంది ముందు, లంచమా!" అని అరిచారు. మా నాయన ఏమీ అర్థంకాక, ఆ పెద్దమనిషి బేరానికి సిగ్గుపడుతున్నాడేమోనని తువ్వాల ఇంకొంచెం ముందుకు జరిపాడు. మరు నిమిషంలో మేమిద్దరం, మా పరుపు చుట్ట, ముల్లుగర్ర, అందరం వాకిలి బయట ఉన్నాం.

నేను చేసిన పని చెప్పుకోవాలంటే ఇప్పటికీ తల వంగుతుంది. ఆ వీధి వెంట నాయనకు పది అడుగులు ముందు నడిచాను, ఆయనెవరో నాకు తెలియనట్టు. ఆయన వెనకనుంచి, "నేనేం తప్పు చేసినానప్పా? బేరానికి రానోడు సంతలో ఎందుకు కూచోవల్ల?" అని తనలో తాను గొణుక్కుంటూ వచ్చాడు. ఒక గోడ నీడలో కూర్చున్నాక, సద్ది మూట విప్పుతూ, నెమ్మదిగా అన్నాడు: "ఎద్దుకు ఏదన్నా వంక ఉంటే నలుగురిలో చెప్పకూడదురా. తువ్వాల కింద చెప్పల్ల. నిన్ను అందరి ముందర అట్ల నిలబెట్టినాడే, అది తప్పించల్లని చెయ్యి చాపినా." సంతలో లెక్క దాచడానికే తువ్వాల అనుకున్నాను అంతవరకూ, సిగ్గు దాచడానికి కూడానని అప్పుడు తెలిసింది.

రెండో కాలేజీ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. అక్కడ చదవమనలేదు, ఫారం నింపమన్నారు. నేను తండ్రి పేరు ఉండాల్సిన చోట నా పేరు రాసి, నా పేరు ఉండాల్సిన చోట మా ఊరి పేరు రాశాను. గుమస్తా ఫారాన్ని రెండుగా చింపి, తిరిగి నా చేతిలోనే పెట్టాడు. నాయన తువ్వాలమీదికి చెయ్యి పోనిచ్చి, మళ్లీ ఏం గుర్తొచ్చిందో, వెనక్కి తీసుకున్నాడు.

సాయంత్రానికి ఊరి చివర ఒక కొత్త కాలేజీ ఉందని ఎవరో చెప్తే వెళ్లాం. కాలేజీ అనడానికి అక్కడ బోర్డు తప్ప ఏమీ లేదు. పాత వేరుశనక్కాయల గోదాము అది. ఇంకా ఎద్దులకు పెట్టే వేరుశనగ చెక్క వాసన కొడుతూనే ఉంది. నాయన లోపలికి అడుగుపెట్టి ఊపిరి పీల్చి, "వాసన బాగుండాది" అన్నాడు. గంట కొట్టారు. పిల్లలు చేతులు ఊపుతూ, ఒకరినొకరు తోసుకుంటూ, ఏదో లెక్కమీద పోట్లాడుకుంటూ బయటికి వచ్చారు. నాయన నావైపు చూసి కళ్లెగరేశాడు. వరండాలో ఒక సారు పంచె ఎగ్గట్టుకుని, ముక్కాలి పీటమీద కూర్చుని, కోడి ఈకతో ఒక త్రాసు పళ్లేలు దుమ్ము లేకుండా తుడుస్తున్నాడు. భౌతికశాస్త్రం చెప్పేది ఆయనే, పిల్లల్ని చేర్చుకునేదీ ఆయనే. త్రాసు సారు అనే పేరు అక్కడి పిల్లలు అప్పటికే పెట్టేశారు, నాకు ఆ శ్రమ లేకపోయింది.

త్రాసు సారు నా మార్కుల కాగితం చూడలేదు. ఆయన చూపు నా పరుపు చుట్టమీద పడింది. "ఆ తాడుకు అన్ని ముడులెందుకురా?" అన్నాడు. చెప్పాను. ఒక్క ముక్క అడిగినందుకు అరగంట చెప్పాను. తోడే రాట్నం ఆపాక నీళ్లు ఎంతసేపటికి మళ్లీ పైకి వస్తాయో, ఎండాకాలంలో ఆ ఊట ఎందుకు నెమ్మదిస్తుందో, తాడు నానితే సాగుతుంది కాబట్టి నెలకొకసారి ముందు తాడునే ఎలా కొలుచుకోవాలో, ఒకావిడ బావిమీద తడక కప్పించిన సంగతీ. ఆయన ఈక పక్కన పెట్టి విన్నాడు. చివరికి ఒక ఫారం తీశాడు. దాన్ని చూడగానే నా నోరు మూతపడింది. పక్కన నాయన తువ్వాల కొసను మెలిపెడుతున్నాడు, విప్పుతున్నాడు, మళ్లీ మెలిపెడుతున్నాడు. పొద్దుటి దెబ్బ తర్వాత ఆయనకు ధైర్యం చాలడం లేదు.

త్రాసు సారు ఆ మెలికను చూశాడు. నవ్వాడు. మోకాలిమీద చెయ్యి తుడుచుకుని, ముందుకు చాపి, "కప్పప్పా తువ్వాల. మా నాయన గుడక సంతల్లోనే తిరిగినోడే" అన్నాడు.

మా నాయన ముఖంలో అంత వెలుగు నేను మళ్లీ ఎన్నడూ చూడలేదు. తువ్వాల కప్పారు. లోపల వేళ్లు కదిలాయి. ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని ఏదో గుసగుసలాడారు, అది నాకు వినపడలేదు. తువ్వాల తీశాక నాయన పైకి అన్న మాట మాత్రం వినపడింది. "పదైదు దినాలు కాడికి కట్టి సూసుకోండి సార్. సాలు తప్పితే నేనే వచ్చి తోలుకొని పోతా." (మా వైపు కొత్త ఎద్దును అలాగే ఇస్తారు. కొన్నవాడు పదిహేను రోజులు దున్ని, నాగటి చాలు వంకర పోకుండా నడుస్తోందో లేదో చూసుకుని, నచ్చకపోతే తిరిగి తోలేస్తాడు.) త్రాసు సారు, "సరే. వంక చెప్పి అమ్ముతాండావు. ఆ పాటి చెప్పేవాళ్లు తక్కువ" అన్నాడు. ఫారం ఆయనే నింపాడు.

ఆ పదిహేను రోజులూ నేను కాడికి కట్టిన ఎద్దు ఎంత బెదురుతూ ఉంటుందో అంత బెదురుతూ ఉన్నాను. నోటితో చెప్పే పాఠాలన్నీ ఇంపుగా ఎక్కేవి. పుస్తకం తెరవమంటే మాత్రం చెమట్లు. హాస్టల్లో పక్క పరుపు అబ్బాయి నాకు సాయంత్రాలు చదివి వినిపించేవాడు, దానికి బదులు నేను అతని సైకిలు చూసుకునేవాణ్ణి. ఆ సైకిలు ఆ రోజుల్లో పరుగెత్తినట్టు అంతకుముందెన్నడూ పరుగెత్తి ఉండదు. పదిహేనో రోజు పొద్దున నాయన వస్తాడు. తోడు చిన్నాయన కూడా వస్తాడనీ, తాడిపత్రి పోయే లారీ ఒకటి మాట్లాడి పెట్టుకున్నాడనీ ఊరినుంచి వచ్చినవాళ్లు చెప్పారు.

పద్నాలుగో రోజున ప్రయోగం. లోలకం. దారానికి గుండు వేలాడదీసి, దారం పొడవు కొలిచి, ఊగడానికి ఎంతసేపు పట్టిందో చూసి, భూమి ఎంత బలంగా లాగుతోందో సెంటీమీటర్ల లెక్కలో కట్టాలి. స్కేలు ఒక్కటే, అందరూ వంతులవారీగా కొలిచారు. తొమ్మిది వందల డెబ్బయి ఎనిమిది, తొమ్మిది వందల ఎనభై, తొమ్మిది వందల ఎనభై ఒకటి అంటూ ఒక్కొక్కరూ జవాబు చెప్పుకుంటూ వచ్చారు. నా వంతు వచ్చింది. "వెయ్యిన్ని పది" అన్నాను. గోదాము దూలాలు అదిరేలా నవ్వారు. "వాళ్ల ఊర్లో భూమి శానా గట్టిగా లాగుతాదేమో సార్!" అని ఒకడు. త్రాసు సారు నవ్వలేదు. "పుస్తకంలో ఎంత ఉండాదో తెలీదా నీకు?" అన్నాడు. "ఆ పేజీ చదవలేదు సార్. వచ్చింది చెప్పినా." "అయితే మళ్లీ చెయ్." మళ్లీ చేశాను. మళ్లీ వెయ్యిన్ని పదే. నా కళ్లముందు లారీ కనిపించింది.

రాత్రంతా అదే ఆలోచన. తెల్లవారుతుండగా ఒకటి తట్టింది. బావి లెక్క తేడాగా వచ్చినప్పుడు నేను బావిని అనుమానించను కదా, ముందు తాడును కదా కొలుస్తాను! తాళం తీయగానే వెళ్లి, లోలకం దగ్గరి స్కేలును బల్లమీద పెట్టి, లెక్కల గదినుంచి మరో స్కేలు తెచ్చి పక్కన పెట్టాను. లోలకం స్కేలు రెండు వేళ్ల వెడల్పు పొట్టిగా ఉంది. మొదటి రెండు అంకెలూ లేనే లేవు. నేను అంకెల జోలికి పోకుండా దారాన్ని స్కేలు ఈ కొసనుంచి ఆ కొసకు సరిపెట్టి నూరు సెంటీమీటర్లు అనుకున్నాను. మిగతావాళ్లకు అంకెలు బాగా వచ్చు కదా, వాళ్లు ఏం చూశారో వాళ్లకే తెలియాలి.

త్రాసు సారు వచ్చి రెండు స్కేళ్లూ చూసి, అటెండరును పిలిచాడు. అతను చేతులు నలుపుకుంటూ, "కొన చెదలు తినింది సార్. చూసేకి బాగలేదని రంపంతో కోసి నున్నగ చేసి పెట్టినా" అన్నాడు. ఎప్పుడయ్యా అంటే మూడు నెలలు అయిందన్నాడు. త్రాసు సారు క్లాసులోకి వెళ్లి, ఆ పొట్టి స్కేలును అందరికీ కనిపించేలా ఎత్తి పట్టుకుని, చాలా మెత్తగా అడిగాడు: "దీనితో తొమ్మిదినూర్ల ఎనభై ఎట్ల తెచ్చినార్రా మీరంతా?"

ఒక్కొక్కడూ ముందున్న పుస్తకాన్ని మెల్లగా మూశాడు. అందరూ పుస్తకంలో జవాబు చూసి, అక్కడినుంచి వెనక్కి లెక్క కట్టారు. నేను పుస్తకం చదవలేదు కాబట్టి కట్టలేదు. నా గొప్పతనమంతా అంతే. చదవగలిగి ఉంటే నేనూ తొమ్మిది వందల ఎనభైయే చెప్పేవాణ్ణేమో, ఒట్టు వేయలేను.

సరిగ్గా ఆ సమయానికి వాకిట్లో మా నాయన, వెనక చిన్నాయన. నాయన లోపలికి రాకుండా, తువ్వాల చేతిమీద కప్పుకుని, గుమ్మంలోనే నిలబడ్డాడు. ఫలితం ఏదైనా తువ్వాల కిందే వినాలని వచ్చాడు. త్రాసు సారు ఎదురువెళ్లి ఆ తువ్వాలను తీసి నాయన భుజంమీద వేశాడు. "వంక తువ్వాల కింద చెప్పినావు, అది న్యాయం. గుణం మాత్రం నేను నలుగురిలో చెప్తా" అని, ముప్పై మంది పిల్లల ముందు గట్టిగా అన్నాడు: "మంది తొక్కిన సాలులో పోలేదప్పా నీ ఎద్దు. ఎవురికీ ఇయ్యను. నేనే ఉంచుకుంటా." చిన్నాయన, "అయితే లారీని పొమ్మంటా" అని వెనక్కి తిరిగాడు. నాయన రుమాలు విప్పి మళ్లీ చుట్టుకున్నాడు, రెండుసార్లు.

వెళ్లేముందు నా పరుపు దగ్గరికి వచ్చి, బావితాడు చుట్ట చుట్టి చంకన పెట్టుకున్నాడు. "అది నాది నాయనా!" అన్నాను. "ఎద్దును అమ్మితే పలుపు అమ్మరు రా. ఇప్పుకొని ఇంటికి పోతారు" అన్నాడు. మెడకు కట్టే తాడు విషయంలో మా వైపు ఆచారం అదే. కొన్నవాడు కొత్త పలుపు తెచ్చుకోవాలి, పాతది అమ్మినవాడి ఇంటికే చేరాలి. ఆయన ముల్లుగర్ర ఊపుకుంటూ పోతుంటే, ఈసారి నేను పది అడుగులు వెనక, గేటుదాకా, ఆయన నీడమీద నడుచుకుంటూ వెళ్లాను.

తర్వాత సంగతులు పెద్దగా ఏమీ లేవు. పి.యు.సి. ఒకసారి తప్పాను, బి.ఎస్సీ. రెండుసార్లు తప్పాను, చివరికి బావుల్లో నీటిమట్టం కొలిచే సర్కారు ఉద్యోగంలో చేరాను. జిల్లా అంతా తిరిగాను. ఎన్ని ఊళ్లలో నన్ను చూసి బావులమీద తడకలు కప్పారో లెక్కలేదు. త్రాసు సారు రిటైరైన రోజున, ఆనాడు తువ్వాల కింద మా నాయన చెప్పిన గుసగుస ఏమిటని అడిగాను. "అచ్చరాలు చూస్తే బెదురుతాడు సార్, నోటితో చెప్తే మాత్రం ఒక్కసారి చాలు అన్నాడు. అంతకంటే బాగా నీ గురించి ఎవరూ చెప్పలేరురా" అన్నాడు. మనవరాలి బడి టీచరమ్మ ఆ పొడుగాటి పేరుతో చెప్పింది కూడా సరిగ్గా ఇదే.

కాలేజీలో ఉన్నన్నాళ్లూ నెలకొక కార్డు వచ్చేది ఇంటినుంచి. అందులో చిరునామా తప్ప ఒక్క అక్షరం ఉండేది కాదు. నాయన ప్రతి శుక్రవారం ఆ తాడు బావిలోకి వదిలి, ముడులు లెక్కపెట్టి చెబితే, అక్క కార్డుమీద అన్ని గీతలు గీసి పంపేది. నాలుగు వారాలు, నాలుగు వరసలు. నాకు ఇబ్బంది లేకుండా ఉండాలని. హాస్టలు పిల్లలు, "ఇదేం ఉత్తరంరా, గీతలేనా!" అని నవ్వేవాళ్లు. వాళ్లకేం తెలుసు. గీతలు ఎక్కువైతే ఇంట్లో కష్టంగా ఉందని, తగ్గితే వాన పడిందని, కింద ఒక చిన్న సున్నా ఉంటే అక్క నామీద కోపంగా ఉందని.

ఇప్పుడు నాకు కళ్లజోడు వచ్చింది, వయసు వచ్చింది. వేలు పెట్టి తడుముకుంటూ చదివినా పెద్దాయన కదా పాపం అనుకుంటారే తప్ప ఎవరూ నవ్వరు. ఆ కార్డులన్నీ ఒక డబ్బాలో ఉన్నాయి. అప్పుడప్పుడు తీసి చూస్తాను. జీవితంలో నేను ఎక్కడా ఆగకుండా, వేలు పెట్టకుండా, మొదటినుంచి చివరిదాకా గడగడా చదవగలిగిన ఉత్తరాలు అవే.